రాత్రి డ్యూటీల ఒత్తిడికి చెవి సూదులు: సమాధానం

అమ్మా, శ్రీకాకుళంలో అత్యవసర విభాగపు నర్సుగా వరుస రాత్రి డ్యూటీలు చేసి ఇంటికి వచ్చినా గుండెదడ తగ్గడం లేదని, ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చా అని అడిగారు. ముందు ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. అవి బాగుంటే నిస్సంకోచంగా ప్రయత్నించవచ్చు. న్యూయార్క్‌లోని లింకన్ ఆసుపత్రిలో 1970లలో రూపుదిద్దుకున్న చెవి సూదుల పద్ధతి మీకు అనువుగా ఉంటుందని నా అభిప్రాయం. ఒక్కో చెవిలో ఐదు చోట్ల సన్నని సూదులు గుచ్చి, కుర్చీలోనే 30 నుంచి 45 నిమిషాలు కూర్చోబెడతారు గనుక యూనిఫాం మార్చవలసిన పని కూడా ఉండదు. గుచ్చినప్పుడు చురుక్కుమన్నా, కాసేపటికి చెవి వెచ్చగా అనిపించవచ్చు. ఆందోళన తగ్గుతుందని కొన్ని అధ్యయనాలు చెబుతున్నా ఆధారాలు ఇంకా బలపడలేదు కాబట్టి, నిద్రకూ విశ్రాంతికీ తోడుగానే దీనిని వాడండి. సూది ప్యాకెట్ మీ కళ్లముందే విప్పమని మొహమాటం లేకుండా అడగండి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, గర్భవతి అయినా ముందే వైద్యునికి చెప్పండి.