చిన్న చప్పుడుకే మెలకువ వచ్చేవాళ్లు ఏ హెడ్‌ఫోన్స్ కొనాలి?

ముందు కొనాల్సినవి హెడ్‌ఫోన్స్ కాదు, మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్. అవి చాలకపోతేనే నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న చిన్న ఇయర్‌బడ్స్ చూడండి. చెవుల మీద కప్పే పెద్ద హెడ్‌ఫోన్స్ పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు అసలు కుదరవు.

నాయిస్ క్యాన్సిలింగ్‌లో మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది, లోపలి స్పీకరు దానికి ఎదురు తరంగాన్ని పుట్టించి కొట్టేస్తుంది. ఒకే తీరుగా సాగే బొంగురు మోత మీద ఇది బాగా పనిచేస్తుంది. ఉన్నట్టుండి వచ్చే శబ్దం, కీచు శబ్దం దీనికి అంతగా లొంగవు. ఫోమ్ అయితే చెవి దారినే మూసేస్తుంది కాబట్టి అన్ని రకాల శబ్దాలూ తగ్గుతాయి.

కర్నూలులో 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఇల్లు అనుకోండి. దూరంగా లారీల హోరు, గదిలో కూలర్ మోత ఇయర్‌బడ్స్‌తో చాలావరకు పోతాయి. లారీ హారన్ కొట్టినా, వీధిలో కుక్క మొరిగినా మాత్రం వినిపిస్తుంది. నిద్ర చెడగొట్టేవి ఎక్కువగా ఇవే కదా!

ఎక్కువ ధర పెడితే పూర్తి నిశ్శబ్దం దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. ఎంత పెట్టినా అది దొరకదు. చెవికి సరిగ్గా బిగిసిందా లేదా అన్నదే ముఖ్యం. ఫోమ్ ప్లగ్‌ను వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టాలి. అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. చెవిలో నొప్పి, చీము ఉంటే ఏదీ పెట్టొద్దు, డాక్టరుకు చూపించండి.