న్యాయ సలహా: తుపాకీ కేసులో అప్పీలు

ప్రశ్న: మా మేనల్లుడు అమెరికా పౌరుడు. ఆరేళ్ల క్రితం న్యూజెర్సీలో క్రెడిట్ కార్డు మోసం కేసులో థర్డ్ డిగ్రీ (మూడో స్థాయి) నేరం కింద ప్రొబేషన్ (జైలు బదులు పర్యవేక్షణ) వేశారు, జైలుకు వెళ్లలేదు. పోయినేడాది స్నేహితుడి కారులో సీటు కింద తుపాకీ దొరికిందని ఇతని మీద ఫెడరల్ కేసు పెట్టారు. జ్యూరీ దోషి అంది, పోయిన వారం 30 నెలల శిక్ష పడింది. జైలు ముఖమే చూడనివాణ్ని పాత నేరస్థుడని ఎలా అంటారు? అప్పీలు చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

జవాబు: చేయవచ్చు. అయితే వాదనల సంగతి తర్వాత, ముందు తేదీ చూసుకోండి. శిక్ష తీర్పు కోర్టు డాకెట్‌లో (కేసు రిజిస్టరులో) నమోదైన నాటి నుంచి 14 రోజుల్లో నోటీస్ ఆఫ్ అప్పీల్ దాఖలు కావాలి. శని, ఆదివారాలూ లెక్కలోకే వస్తాయి. దాన్ని వేయాల్సింది విచారణ జరిగిన జిల్లా కోర్టులో, ఫిలడెల్ఫియాలో ఉండి న్యూజెర్సీ అప్పీళ్లు వినే ఫెడరల్ కోర్టు థర్డ్ సర్క్యూట్‌లో కాదు. ఎవరు, ఏ తీర్పు మీద, ఏ కోర్టుకు వెళ్తున్నారో ఒక్క పేజీలో రాస్తే చాలు, కారణాలు అక్కర్లేదు. రుసుము 605 డాలర్లు. కోర్టు నియమించిన లాయరు ఉంటే అదీ కట్టనక్కర్లేదు. గడువు దాటితే సరైన కారణం చూపి మరో 30 రోజుల దాకా అడగొచ్చు గానీ, ఇస్తారన్న భరోసా లేదు. అప్పీలు వేయమని లాయరుకు మీరు కాదు, మీ మేనల్లుడే రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పినా వేయకపోతే అది లాయరు వైఫల్యమేనని 2019లో గార్జా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

'జైలుకు వెళ్లలేదు' అన్న వాదన మాత్రం నిలవదు. పాత నేరస్థుల దగ్గర తుపాకీ ఉండకూడదనే ఫెడరల్ నిషేధం, సెక్షన్ 922(జి)(1), పడిన శిక్షను చూడదు, ఎంత పడే వీలుందో చూస్తుంది. ఆ వీలు ఏడాదికి మించితే చాలు. న్యూజెర్సీలో థర్డ్ డిగ్రీకి 3 నుంచి 5 ఏళ్లు. తన పాత కేసు అలాంటిదని నిందితుడికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2019 నాటి రెహైఫ్ తీర్పు చెబుతోంది. కానీ ఆ అభ్యంతరాన్ని కింది కోర్టులో లేవనెత్తకపోతే, 2021 నాటి గ్రీర్ తీర్పు తర్వాత దానితో గెలవడం చాలా కష్టం. శిక్ష పడ్డవాడికి ఆ సంగతి మామూలుగా గుర్తుంటుందన్నది కోర్టు ఉద్దేశం.

మాకు పస ఉన్నట్టు కనిపించేవి రెండు. ఒకటి, తుపాకీ ఎవరి స్వాధీనంలో ఉందన్నది. కారు స్నేహితుడిది. తుపాకీ ఉన్నచోట కూర్చున్నంత మాత్రాన నేరం కాదు. అది అక్కడుందని తెలిసి, తన అదుపులో పెట్టుకునే వీలూ ఉద్దేశమూ ఉండాలి. విచారణలో రూల్ 29 మోషన్ (సాక్ష్యం చాలదు, నిర్దోషిగా వదిలేయమని కోరే అర్జీ) వేశారా అని లాయరును అడగండి. వేయకపోతే అప్పీలు కోర్టు ఈ పాయింటును చాలా కఠినమైన కొలతతో చూస్తుంది. వేసినా, సాక్ష్యాన్ని ప్రభుత్వం వైపు నుంచే చదువుతారు. వేలిముద్రలు దొరకలేదన్న ఒక్క మాటతో కేసు కొట్టేయరు.

రెండోది తుపాకీ ఉంచుకునే హక్కు మీద ఆధారపడ్డ రాజ్యాంగ వాదన. ఫుడ్ స్టాంపుల కోసం అబద్ధం చెప్పి శిక్ష పడ్డ రేంజ్ అనే వ్యక్తికి ఈ నిషేధం వర్తించదని థర్డ్ సర్క్యూట్ 2024 డిసెంబరులో చెప్పింది. మీ మేనల్లుడిదీ మోసం కేసే, న్యూజెర్సీ కూడా ఆ సర్క్యూట్ కిందకే వస్తుంది. ఇదే వాదన ఎనిమిదో, తొమ్మిదో సర్క్యూట్లలో చెల్లలేదు, కాబట్టి వేరే రాష్ట్రాల్లోని బంధువుల సలహాలు నమ్మకండి. అయితే తుపాకీ దొరికేనాటికి ప్రొబేషన్ నడుస్తూ ఉంటే ఇక్కడా ఆశ తక్కువే.

నోటీసు వేసిన 14 రోజుల్లో ట్రాన్స్‌క్రిప్ట్‌లకు (విచారణలో మాట్లాడిన మాటల రాతప్రతులకు) ఆర్డరు ఇవ్వాలి. తనిఖీ చెల్లదన్న మోషన్ మీద వాదనలు జరిగి ఉంటే వాటినీ తెప్పించండి, తరచూ మర్చిపోయేది అదే. అప్పీల్లో కొత్త సాక్షులను పిలవరు. కొత్త సాక్ష్యం దొరికితే జ్యూరీ తీర్పు నుంచి మూడేళ్లలోపు కింది కోర్టులోనే మళ్లీ విచారణ కోరుతూ రూల్ 33 మోషన్ వేయాలి. అప్పీలు వేసినంత మాత్రాన శిక్ష ఆగదు, బెయిలు విడిగా అడగాలి.

ప్రశ్న: నేను హెచ్-1బీ మీద ఉన్నాను. గుంటూరులో పాత కొట్లాట కేసులో రెండేళ్ల శిక్ష పడింది. షూటింగ్ రేంజ్‌కు వెళ్తే ఈ చట్టం తగులుతుందా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: గుంటూరు కేసు వల్ల కాదు, వీసా వల్ల తగులుతుంది. విదేశీ కోర్టుల శిక్షలు ఈ క్లాజు కిందకు రావని 2005లో స్మాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ తాత్కాలిక వీసాలవాళ్లకు 922(జి)(5) కింద వేరే నిషేధం ఉంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. పైన చెప్పిన రెహైఫ్ కూడా విద్యార్థి వీసా మీద వచ్చినవాడే. కాలేజీ తీసేశాక రేంజ్‌లో తుపాకీ కాల్చి పట్టుబడ్డాడు. హంటింగ్ లైసెన్సు చేతికి వచ్చేదాకా అద్దె తుపాకీ కూడా ముట్టుకోకండి.