అందరికీ సలహాలు చెబుతాను, లైఫ్ కోచ్ అవ్వొచ్చా?

ఉపాధి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: పరవాడలో ఒక ఫార్మా కంపెనీ హెచ్.ఆర్. విభాగంలో పన్నెండేళ్లుగా చేస్తున్నాను. ఎవరికి ఏ సమస్య వచ్చినా నా దగ్గరకే వస్తారు. లైఫ్ కోచ్‌గా స్థిరపడాలని ఉంది. ఒక సంస్థ లక్షా ఎనభై వేలు కడితే సర్టిఫికెట్ గ్యారంటీ అంటోంది. చేరి ఉద్యోగం మానేయనా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఉద్యోగం ఇప్పుడే మానకండి. లెక్క చూస్తే మీకే తెలుస్తుంది.

మన దేశంలో లైఫ్ కోచ్‌కు ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. రేపే బోర్డు పెట్టుకున్నా అడిగేవారుండరు. కానీ కంపెనీల పని కావాలంటే ఎక్కువగా అడిగేది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, అంటే ఐసీఎఫ్ గుర్తింపు. దాని మొదటి మెట్టు ఏసీసీ. అందుకు 60 గంటల శిక్షణ, కనీసం మూడు నెలల వ్యవధిలో 10 గంటల మెంటార్ కోచింగ్ (మీ కోచింగ్ తీరును అనుభవమున్న కోచ్ చూసి దిద్దడం), కనీసం 8 మంది క్లయింట్లతో 100 గంటల కోచింగ్, ఒక పరీక్ష కావాలి. ఆ వందలో 75 గంటలు డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి. తీసుకున్న డబ్బు ఎంత తక్కువైనా ఫరవాలేదు. శిక్షణ మొదలయ్యాక చేసిన గంటలే లెక్క. మీ పన్నెండేళ్ల అనుభవంలో ఒక్క నిమిషం కూడా అందులో కలవదు. తర్వాతి మెట్టు పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల కోచింగ్.

ఉద్యోగం చేస్తూ వారానికి మూడు సెషన్లు పెట్టుకున్నారనుకోండి. పండగలు, పెళ్లిళ్లు, ఆఖరి నిమిషంలో రద్దయ్యేవి పోను వంద గంటలు నిండడానికి తొమ్మిది పది నెలలు పడుతుంది. జీతం వస్తుండగా దాటాల్సిన కాలం అది. మొదటి రోజు నుంచే ఒక పట్టిక రాసుకోండి: క్లయింటు పేరు, ఫోను, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, డబ్బు తీసుకున్న గంటలు, ఉచితంగా చేసినవి. వివరాలు రాసుకోవడానికి క్లయింటు ఒప్పుకోలు అప్పుడే తీసుకోండి. ఏడాది తర్వాత వెతికి అడిగితే సగం మంది దొరకరు.

ఇక ఆ లక్షా ఎనభై వేలు. "గ్యారంటీ" అన్న మాట దగ్గరే ఆగండి. కోర్సు పూర్తిచేసినట్టు కాగితం ఆ సంస్థ ఇస్తుంది. ఏసీసీ ఇచ్చేది ఐసీఎఫ్. దానికి దరఖాస్తు రుసుము వేరే. కోర్సుకు లెవెల్ 1 గుర్తింపు, అంటే ఏసీసీకి సరిపోయే శిక్షణగా ఐసీఎఫ్ ఇచ్చే గుర్తింపు ఉందా, లేక సీసీఈ మాత్రమేనా అని రాతపూర్వకంగా అడగండి. సీసీఈ అనేది ఇప్పటికే ఏసీసీ ఉన్నవాళ్లు మూడేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడానికి పనికొచ్చే క్రెడిట్. కొందరు దాన్నే "ఐసీఎఫ్ కోర్సు" అని అమ్ముతారు. 10 గంటల మెంటార్ కోచింగ్ ఫీజులోనే ఉందా, అందులో మీరొక్కరే కూర్చునే సెషన్లు ఎన్ని అని కూడా అడగండి. కనీసం మూడు గంటలు అలా ఉండాలి.

మీకు అసలు ఇబ్బంది ఇంకో చోట ఎదురవుతుంది. కోచింగ్ అంటే సలహా చెప్పడం కాదు, ప్రశ్నలతో క్లయింటే దారి వెతుక్కునేలా చేయడం. అందుకే సలహా బాగా చెప్పేవాళ్లకు అది ఆలస్యంగా అబ్బుతుంది. క్లయింటు రెండో నిమిషంలోనే "మీరే చెప్పండి మేడమ్" అంటారు. మీరు చెప్పేస్తారు. వాళ్లు తలూపి వెళ్లి ఏమీ చేయరు, ఎందుకంటే అది మీ ఉపాయం. బదులుగా "ఇదివరకు మీరు ప్రయత్నించినవి రెండు చెప్పండి, తర్వాత నా మాట చెబుతాను" అని చూడండి. చాలాసార్లు మీ మాట అవసరమే పడదు. "ఎందుకు చేశారు?" అన్న ప్రశ్న తగ్గించుకోండి. మన ఇళ్లలో అది నిలదీసే మాట. వినగానే సంజాయిషీ మొదలవుతుంది. "అప్పుడు ఏం జరిగింది?", "ఎలా ఉంటే బాగుండేది?" అంటే మనిషి విప్పి చెబుతాడు. అడిగాక ఏడెనిమిది సెకన్లు మౌనంగా ఉండడం నేర్చుకోవాలి. కష్టమే.

"ప్రశాంతంగా ఉండాలి" అన్నది లక్ష్యం కాదు. "వారంలో నాలుగు రోజులు రాత్రి 8 లోపు ల్యాప్‌టాప్ మూసేస్తాను" అన్నది లక్ష్యం. ఒకటి రెండోదిగా మారేదాకా మొదటి సెషన్ అయినట్టు కాదు.

ప్రశ్న: శిక్షణ అయింది. "కోచింగ్ ఇస్తాను" అంటే బ్యాంకు పరీక్షలకా అని అడుగుతున్నారు. ఎవరికి ఇవ్వాలి, ఎంత తీసుకోవాలి?
- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లతో నిండిన ద్వారకానగర్ ఉన్న మన విశాఖలో ఆ మాటకు అర్థం అదే మరి. "లైఫ్ కోచ్" అని మొదలుపెట్టకుండా ఎవరికి ఏం చేస్తారో చెప్పండి. "రిటైరవబోయే ఉద్యోగులకు తర్వాతి రెండేళ్లు ప్లాన్ చేసుకోవడంలో తోడుంటాను" అంటే స్టీల్ ప్లాంటు, పోర్టు, డాక్‌యార్డు కుటుంబాల్లో వెంటనే అర్థమవుతుంది. రుషికొండ, మధురవాడ ఐటీ వైపైతే కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లు. ఏదో ఒకటి ఎంచుకోండి.

ఒక్కో సెషన్‌గా అమ్మితే రెండోదానికి రారు. ఆరు సెషన్లు, మూడు నెలలు, సగం డబ్బు ముందు. ఉదాహరణకు సెషన్‌కు 1,500 అయితే ప్యాకేజీ 9,000. ఒకేసారి ఎనిమిది మంది పదిహేను రోజులకోసారి వస్తే నెలకు 16 సెషన్లు, 24,000. గంటకు 300 చొప్పున గది అద్దె 4,800 పోతుంది. సెషన్‌కు ఇంకో గంట నోట్స్‌కూ ఫోన్లకూ పోతుంది, దానికి ఎవరూ ఇవ్వరు. 24 గంటల ముందు చెప్పకుండా మానేస్తే సెషన్ అయినట్టే అని ఒప్పందంలో రాయండి. లేకపోతే వర్షం పడ్డ ప్రతి సాయంత్రమూ మీదే నష్టం.

బీచ్ రోడ్డు కాఫీ షాపుల్లో మాత్రం పెట్టకండి. ఊరు పెద్దదే గానీ ఒకే సంస్థలో పనిచేసే కుటుంబాలకు ఒకరికొకరు తెలియకుండా ఉండరు. పక్క బల్ల దగ్గర బావమరిది కూర్చుంటే ఆ క్లయింటు మళ్లీ నోరు విప్పడు. కంపెనీ డబ్బు కడుతుంటే మేనేజరుకు ఏం తెలుస్తుందో మీరు, క్లయింటు, కంపెనీ ముగ్గురూ ముందే రాసి సంతకం చేసుకోవాలి. హాజరు వరకూ చెప్పొచ్చు, మాట్లాడినది చెప్పకూడదు.

ప్రశ్న: ఒక క్లయింటు మూడు వారాలుగా నిద్ర లేదంటోంది, "ఉండి ఏం లాభం" అంది. కోచింగ్ కొనసాగించనా?
- మధురవాడ

జవాబు: ఆపండి. ఈ రోజే ఆమెకు ఫోన్ చేసి, "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లను కలపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. వాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ప్రాణం మీదకు వచ్చిందనిపిస్తే 112. లేదనే సమాధానం వచ్చినా, రెండు వారాలు దాటిన నిద్రలేమికీ దిగులుకూ సైకియాట్రిస్టు చూడాలి. వేసుకునే మందుల గురించి మీరు ఒక్క మాట కూడా అనకండి. ప్రాణాపాయం ఉంటే గోప్యత పక్కన పెడతానన్న వాక్యం మీ ఒప్పందంలో లేకపోతే ఇప్పుడే చేర్చండి.

ప్రశ్న: జీఎస్టీ, రిజిస్ట్రేషన్ కావాలా?
- పెందుర్తి

జవాబు: ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు ఉండే ఉద్యం నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఏజెంటు అవసరం లేదు. బోర్డు మీద "థెరపీ", "డిప్రెషన్ నయం" అని రాయకండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని రాసుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉండాలి.