ఫిలిప్పీన్స్ 'కాలి' పేరు కాళికాదేవి నుంచి వచ్చిందా?

ఫిలిప్పీన్స్‌లో 'కాలి' అనే కర్రసాము ఉందనీ, అది కాళికాదేవి పేరేననీ, ఆ విద్య మన దేశం నుంచే అక్కడికి వెళ్ళిందనీ వాట్సాప్‌లో వచ్చిందట. నిజమేనా అని అడిగారు. కాదండీ. మెడిసిన్ చదువుకని ఫిలిప్పీన్స్‌లోని సెబూ దీవిలో ఉన్నప్పుడు మూడేళ్ళపాటు నేనా విద్య నేర్చుకున్నాను. అచ్చం ఇదే ప్రశ్న మా మాస్టారిని అడిగాను కూడా.

ఆయనకి అప్పటికే డెబ్బై దాటాయి. సెబూలో వయసులో పెద్దవాళ్ళని 'నోంగ్' అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. సాయంత్రాలు ఇంటి వెనక రేకుల షెడ్డులో నేర్పేవారు. నేనడిగింది విని, "మా నాన్న దీన్ని ఎస్క్రిమా అనేవాడు, మా తాతా అంతే. కాలి అన్న మాట నేను మొదట విన్నది అమెరికా నుంచి నేర్చుకోడానికి వచ్చిన కుర్రాళ్ళ నోట" అన్నారు.

ఎస్క్రిమా స్పానిష్ మాట. కత్తిసాముని వాళ్ళు 'ఎస్గ్రిమా' అంటారు. ఉత్తరాన ఉన్న పెద్ద దీవి లూజాన్ వైపు ఈ విద్యకే వాడే 'అర్నిస్' అన్న పేరు కూడా అంతే, కవచం అనే అర్థమున్న 'అర్నెస్' నుంచి వచ్చింది. 'కాలి'కి మూలం 'కలిస్' అని ఎక్కువమంది చెబుతారు. ఆ దీవుల్లో కత్తికి అది పాత పేరు. దేవతకీ దీనికీ సంబంధం లేదు.

పేరు సంగతి అలా ఉంచండి, కర్ర చేత్తో పట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. మా ఊళ్ళో పీర్ల పండక్కీ దసరాకీ కర్రసాము చూస్తూ పెరిగినవాణ్ణి నేను. మన కర్ర దాదాపు మనిషెత్తు ఉంటుంది, రెండు చేతులా తిప్పుతారు. నోంగ్ నా చేతికిచ్చింది 28 అంగుళాల పేము బెత్తం. ఒంటిచేత్తో పట్టాలి. వెదురైతే నిలువునా చీలి పుల్లలు లేస్తాయి. పేము అలా చీలదు, పీచుపీచుగా రేగుతుంది. రెండు బెత్తాలు గట్టిగా తగిలితే కమురు వాసన వస్తుంది. మొదటి వారమంతా ఆయన చెప్పింది ఒకటే: అది కర్ర కాదు, కత్తి. అంచు ఎటుందో మనసులో చూసుకుని మరీ దెబ్బ వెయ్యాలి. అంచు తిరగబడితే ఆపేసి, మళ్ళీ మొదట్నుంచి చేయించేవారు. ఎదుటివాడి తలకి కాదు, ముందు ఆయుధం పట్టిన చేతికి గురిపెట్టాలి. పాము కోరలు పీకెయ్యడం అంటారు దాన్ని. నిజం కత్తైతే ఆ ఒక్క దెబ్బతో పోరు ముగిసిపోతుంది.

రెండు బెత్తాలతో చేసే 'సినవాలి' నాకు ఎంతకీ పట్టుబడలేదు. చేతులు ఒకదానికొకటి అడ్డం పడేవి. ఒకరోజు నోంగ్ నన్ను షెడ్డు గోడ దగ్గరికి తీసుకెళ్ళారు. అది మన తడికలాంటిదే, చీల్చిన వెదురుతో అల్లింది. ఒక బద్ద మీద వేలు పెట్టి పైకి, కిందికి, పైకి, కిందికి అని జరుపుతూ చూపించారు. లూజాన్‌లో ఆ తడిక పేరు 'సవాలి'. సినవాలి అంటే దానిలా అల్లినది అని. ఆ సాయంత్రమే నా చేతులు కుదిరాయి.

అక్కడి చరిత్ర కూడా ఇలాంటి అల్లికే. 1521 ఏప్రిల్ 27న సెబూ పక్కనున్న మక్తాన్ దీవి తీరంలో, అక్కడి నాయకుడు లాపులాపు మనుషుల చేతిలో, స్పెయిన్ తరఫున ఓడల్లో వచ్చిన మాగెల్లాన్ చనిపోయాడు. అతని వెంట ఉన్న పిగఫెట్టా ఆ పోరు గురించి రాశాడు. అందులో వెదురు ఈటెలున్నాయి, బాణాలున్నాయి, డాళ్ళున్నాయి, మాగెల్లాన్ కాలిమీద పడిన పెద్ద కత్తివేటు ఉంది. బెత్తం ఊసు లేదు. కాబట్టి మాగెల్లాన్‌ని కాలి విద్యతోనే చంపారు అనేది కూడా నమ్మొద్దు. కత్తిపోరు అప్పటికే ఉంది, ఈనాటి రూపం మాత్రం ఆ తర్వాత మూడు వందల ఏళ్ళకి పైగా సాగిన స్పానిష్ పాలనలో తయారైంది. దక్షిణ దీవుల ముస్లింలైన మోరోలు పడవల్లో దాడికి వచ్చి మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోతుంటే, తీరప్రాంతం ఊళ్ళని చర్చి ఫాదర్లే పోరుకి సిద్ధం చేశారు. సెబూ దక్షిణాన బోల్హూన్, ఓస్లోబ్ వైపు వెళ్తే ఆ కాలపు రాతి కావలి బురుజులు ఇప్పటికీ కనిపిస్తాయి. మేము దెబ్బలు లెక్కపెట్టేది ఊనో, దోస్, ట్రెస్ అనే. మణికట్టుతో అటూ ఇటూ ఆడించి కొట్టే దెబ్బ 'అబానికో', అంటే విసనకర్ర. ఈ స్పానిష్ మాటలన్నీ ఆ కలివిడిలో చేరినవే అని నా నమ్మకం.

సెబూలో ఈ విద్య నేర్పే క్లబ్బులు 1920లో లబాంగోన్ ఫెన్సింగ్ క్లబ్, 1932లో డోసే పారెస్ వచ్చాయి. డోసే పారెస్ అంటే పాతకాలపు యూరప్ చక్రవర్తి షార్లమేన్ కథల్లోని పన్నెండుమంది వీరులు. వాళ్ళనుంచి విడిపోయి వెనాన్సియో బేకన్ 1952లో బాలింతవాక్ అనే క్లబ్ పెట్టాడు. అది ఒక వీధి పేరు. కాలిఫోర్నియా పొలాల్లో పనికి వెళ్ళినవాళ్ళు విద్యని తమవెంట తీసుకెళ్ళారు. అక్కడి స్టాక్టన్ ఊళ్ళో ఆంజెల్ కబాలెస్ 1966లో అందరికీ నేర్పే బడి తెరిచాడు. 'కాలి' అన్న పేరు ప్రపంచమంతా తెలిసింది అమెరికా గురువుల వల్లే. 2009లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అర్నిస్‌ని జాతీయ యుద్ధవిద్యగా, క్రీడగా ప్రకటించింది. ఎస్క్రిమా, కాలి అన్న పేర్లు కూడా ఆ చట్టంలో ఉన్నాయి, కాబట్టి కాలి అని పిలవడం తప్పేమీ కాదు. తరతరాలుగా దెబ్బలు తిని వాళ్ళు నిలబెట్టుకున్నదాన్ని మనదేననడమే నాకు బాధ.

మన సంబంధం బొత్తిగా లేదని కాదు. లూజాన్ దీవిలోని లగూనాలో దొరికిన క్రీ.శ. 900 నాటి రాగి శాసనంలో సంస్కృత పదాలున్నాయి, శక సంవత్సరం ఉంది. అక్కడి తగలోగ్ భాషలో ముఖాన్ని 'ముఖా' అంటారు. దేవత మాట 'దివాతా'గా ఉంది. అర్నిస్ నేర్పే మాస్టారిని చాలాచోట్ల 'గురో' అంటారు. మలయ్ భాష మీదుగా వాళ్ళకి చేరిన మన గురువే అది. ఆ సందేశం పంపినవాళ్ళకి కాళికాదేవి కథ బదులు ఈ మాట చెప్పండి.