మూత్రంలో మంట వస్తే సూట్‌కేసులోని మాత్ర వేసుకోకండి

గుంటూరు, విజయవాడల నుంచి అమెరికా వచ్చే పిల్లలు ఆవకాయ, కారప్పొడులతో పాటు ఒక మందుల సంచీ కూడా సర్దుకుంటారు. కొత్తపేటలోనో సూర్యారావుపేటలోనో కొన్న జ్వరం మాత్రల పక్కన ఒకటి రెండు యాంటీబయాటిక్ షీట్లు కూడా ఉంటాయి. మూత్రంలో మంట రాగానే, సిగ్గుకొద్దీ ఎవరికీ చెప్పకుండా ఆ షీటు తీస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక్క మాత్ర పడినా తర్వాత చేసే కల్చర్ పరీక్షలో (మూత్రంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) క్రిమి దొరక్కపోవచ్చు. అప్పుడు ఏ మందు పనిచేస్తుందో డాక్టరుకీ తెలియదు.

మన ఇళ్లలో మంట అనగానే వేడి చేసిందని బార్లీ నీళ్లు, సబ్జా, మజ్జిగ ఇస్తారు. బెజవాడ ఎండల్లో నీళ్లు చాలక మూత్రం చిక్కబడితే కాస్త చురుక్కుమనొచ్చు, నీళ్లు తాగితే తగ్గుతుంది. కానీ మాటిమాటికీ వెళ్లాలనిపించి నాలుగు చుక్కలే వస్తున్నా, మూత్రం మబ్బుగా ఉన్నా, నెత్తురు కనిపించినా వేడి అనుకుని ఊరుకోవద్దు. ఆడపిల్లల్లో ఎక్కువగా ఇది మూత్రాశయ ఇన్ఫెక్షన్. పేగుల్లో ఉండే ఈ.కోలి బ్యాక్టీరియా మూత్రమార్గంలోకి చేరుతుంది, ఆడవాళ్లలో ఆ మార్గం పొట్టిది కాబట్టి త్వరగా పైకి పాకుతుంది.

అన్ని మంటలూ అదే కాదు. కిడ్నీలో రాయి కిందికి దిగుతున్నా మంట ఉంటుంది. దురద, తెల్లబట్ట ఉంటే ఫంగస్ కావచ్చు. క్లామిడియా, గనేరియా లాంటి లైంగిక వ్యాధులూ ఇలాగే మొదలవుతాయి. డాక్టరు ఆ విషయాలు అడిగితే నొచ్చుకోకుండా నిజం చెప్పండి, ఇక్కడ అందరినీ అడుగుతారు. 18 ఏళ్లు నిండిన మీ సంగతి మీరు ఒప్పుకోకుండా ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు చెప్పరు. మగపిల్లలకు మంట వస్తే అసలు ఆలస్యం చేయకూడదు.

ముందు యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లండి. అది లేకపోతే మీ ఇన్సూరెన్స్ తీసుకునే అర్జెంట్ కేర్ (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్) చూసుకోండి. శాంపిల్ ఇచ్చేటప్పుడు మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి. ప్రాథమిక పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది, కల్చర్‌కి రెండు మూడు రోజులు పడుతుంది. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే ఫెనాజోపిరిడిన్ మంటను మాత్రమే తగ్గిస్తుంది, క్రిమిని చంపదు. దానివల్ల మూత్రం నారింజ రంగులోకి మారితే కంగారు పడొద్దు. డాక్టరు చెప్పకుండా రెండు రోజులకు మించి వాడొద్దు.

చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉండొచ్చు. మూత్రం పూర్తిగా ఆగిపోవడమూ ప్రమాదమే. అప్పుడు బిల్లు గురించి ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. గర్భిణులైతే కొద్దిపాటి మంటకైనా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి.

మిమ్మల్ని చూడటానికి వచ్చే పెద్దవాళ్ల గురించి నాకు ఇంకా బెంగ. నాన్నగారికి ప్రొస్టేట్ ఉబ్బి మూత్రం నిలిచిపోతున్నా, వయసు వల్లేలే అనుకుని మనకు చెప్పరు. షుగర్ ఉన్నవాళ్లకు ఈ ఇన్ఫెక్షన్లు ఎక్కువ. పైగా షుగర్‌కి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపిస్తాయి, దానివల్ల ఆ భాగంలో ఫంగస్ వచ్చి మంట పుట్టొచ్చు. వాళ్లు వాడే మందుల చీటీ ఫోటో తీసి మీ ఫోన్లో ఉంచుకుని డాక్టరుకు చూపించండి. ఆ మాత్ర ఆపాలో వద్దో ఆయనే చెప్పాలి, మీరు ఆపించొద్దు.