తిరిగి వచ్చాక మనసు నిలవడం లేదు

ప్రశ్న: సంఘం తరఫున కెన్యాలో మూడు వారాలు సువార్త సేవ చేసి, గత నెల చిత్తూరుకు తిరిగి వచ్చాను. ఇక్కడి ఆరాధన కూడా వెలితిగా తోస్తోంది, ఇంట్లోవారిపై విసుక్కుంటున్నాను. నా విశ్వాసం సన్నగిల్లిందా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: లేదు, సోదరీ. ఇది అలసట, ఎడబాటు కలిసిన బాధ. పరదేశంలో సేవ చేసి వచ్చిన చాలామందికి ఎదురయ్యేదే. సేవ ముగించి వచ్చిన అపొస్తలులు తాము చేసినవన్నీ చెప్పినప్పుడు, యేసు వారిని ఏకాంత స్థలానికి వచ్చి కొంచెంసేపు అలసట తీర్చుకొమ్మన్నాడని మార్కు సువార్త 6వ అధ్యాయం చెబుతోంది. తొలినాటి సువార్త సేవకులైన పౌలు, బర్నబాలు తమను సేవకు పంపిన అంతియొకయ పట్టణానికి తిరిగి వచ్చి, సంఘాన్ని సమకూర్చి, దేవుడు తమతో చేసిన కార్యాలన్నీ వివరించి, ఆపైన శిష్యుల వద్ద చాలాకాలం గడిపారు. ఆ గడపడమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది.

కాబట్టి మీ కాపరిని అడిగి, ఒక ఆదివారం సంఘానికి సాక్ష్యం చెప్పండి. అంతకన్నా ముందు, మీరు లేనప్పుడు ఇంటి భారం మోసినవారిని ఆ మూడు వారాలు ఎలా గడిచాయో అడిగి, ఓపికగా వినండి. అక్కడి విశ్వాసులతో వారిని పోల్చకండి. రాబోయే నెలల్లో జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయక, కెన్యా వెళ్ళి వచ్చినట్టు వైద్యునికి చెప్పి మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.