అగ్రీయబుల్ గ్రేనా, రిపోజ్ గ్రేనా? ముందు బల్బు సంగతి చూడండి

హాలు గోడలకి షెర్విన్ విలియమ్స్ అనే పెయింట్ కంపెనీ వాళ్ల అగ్రీయబుల్ గ్రే మేలా, రిపోజ్ గ్రే మేలా అని అడిగారు. నన్నడిగితే అగ్రీయబుల్. అలాగని నా మాట మీద డబ్బాలు కొనేయకండి. ఇలాంటి రెండు గ్రేల మధ్య ఊగిసలాడి, ఒకే పడకగదికి రెండుసార్లు రంగు వేయించినవాణ్ణి నేను.

అంకెల్లో ఈ రెండిటికీ పెద్ద తేడా లేదు. గోడ ఎంత వెలుతురు వెనక్కి ఇస్తుందో చెప్పే ఎల్‌ఆర్‌వీ ఒకదానికి 60, ఇంకోదానికి 58. తేడా అంతా అడుగున దాగిన ఛాయలోనే. అగ్రీయబుల్ కాస్త ఇసుక రంగు వైపు మొగ్గుతుంది. రిపోజ్ చల్లగా ఉంటుంది, ఒక్కోసారి ఊదా పొడ చూపిస్తుంది.

నేను ఎంచుకున్నదీ అలాంటి చల్లటి గ్రేనే. షేడ్ కార్డులో ముత్యంలా ఉంది. రెండో కోటు ఆరాక పగటి వెలుతురులోనూ బాగుంది. సాయంత్రం లైటు వేశాం. నాలుగు గోడలూ పల్చటి నేరేడు రంగు! మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "ఇదేంటండీ, గోడలు కమిలిపోయినట్టున్నాయి" అంది. నేను పెయింటరు మీద ఎగిరాను. పాపం, అతను డబ్బా మూత తెచ్చి షేడ్ నంబరు చూపించాడు. నేను చెప్పిందే వేశాడు.

మళ్లీ వేయించాం. కొన్నాళ్లకి ఆ గదిలో చల్లటి తెల్ల వెలుతురిచ్చే 6500 కెల్విన్ బల్బు పోతే, పసుపు వెలుతురిచ్చే 3000 కెల్విన్‌ది పెట్టాను. తర్వాత ఒకరోజు బీరువా జరిపితే, వెనక మిగిలిపోయిన పాత రంగు ముక్క కనిపించింది. ఎంత ముచ్చటగా ఉందో! అనవసరంగా గది మొత్తం మార్చాను.

అన్నట్టు, ఫోన్లో ఫొటోలు చూసి రంగు తేల్చేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. కెమెరా తెలుపుని తనకి తోచినట్టు సర్దేస్తుంది. దాన్ని చూసి గోడకి రంగు ఎలా ఎంచుతారు?

పాత గోడ మీదే శాంపిల్ పూసి చూడకండి. గోడ పసుపుదైతే పక్కనున్న గ్రే నీలంగా కనబడి మోసం చేస్తుంది. పెద్ద తెల్ల అట్ట మీద రెండు కోట్లు వేసి, పొద్దున, సాయంత్రం, లైటు వేశాక ఒక్కో గోడకీ ఆనించి చూడండి.

మీ హాల్లో ఏ బల్బులున్నాయో రాయలేదు. తెల్లవే ఉంచుకుంటానంటే మాత్రం రిపోజ్ జోలికి పోకండి.